బోటు డెక్ మీద సేఫ్టీ సామాను ఊడకుండా బిగించడం ఎలా?

ఏప్రిల్ 15న తూర్పు తీరంలో వేట నిషేధం మొదలవుతుంది. జూన్ 14 వరకూ, అంటే 61 రోజులు, మరబోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉంటాయి. ఇంజన్ విప్పడం, ఫైబర్ అతుకులు వేయించడం, రంగులు, వలల మరమ్మతు, అన్నీ ఈ రెండు నెలల్లోనే అయిపోవాలి. ఆ హడావిడిలో, నీళ్లలో పడ్డవాడికి విసిరే లైఫ్‌బాయ్ రింగు స్టాండు ఎవరికి గుర్తొస్తుంది? తనిఖీకి వస్తున్నారని తెలిశాక, ముందురోజు సాయంత్రం నాలుగు స్క్రూలు సుత్తితో దిగ్గొట్టి, చివర రెండు చుట్లు తిప్పి వదిలేస్తారు.

నేనూ అలా చేసినవాడినే. విశాఖలో ఒక ఫైబర్ బోటు కేబిన్ బయటి గోడకి ఆరు కిలోల ఫైర్ సిలిండర్ బిగించాను. స్టాండు గట్టిదే, స్క్రూలు ఎస్సెస్‌వే (స్టెయిన్‌లెస్ స్టీలు). అయినా రెండో ట్రిప్పులో, అలలు బాగా కొడుతున్న రాత్రి, స్టాండుతో సహా ఊడి పడింది. ఆరు కిలోలన్నది లోపలి పౌడర్ లెక్క. డబ్బాతో కలిపితే తొమ్మిది, పది కిలోలుంటుంది. చీకట్లో ఆ బరువు డెక్ మీద అటూ ఇటూ దొర్లుతుంటే, ఆపబోయిన కళాసీ కాలి బొటనవేలు నలిగింది. తర్వాత ఆ స్క్రూలు చూస్తే మరల సందుల నిండా తెల్లటి ఫైబర్ పిండి. ఇంజన్ అదురుకి ఒక్కో మర చుట్టూ ఉన్న ఫైబర్‌ని కొంచెం కొంచెంగా నమిలేసింది.

కాబట్టి ఫైబర్‌లోకి స్క్రూ దించి దానికి బరువు తగిలించకండి. డెక్ పైనుంచి కిందికి బోల్టు దూరాలి, కింద ప్లేటు ఉండాలి, ప్లేటు కింద నట్టు ఉండాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ సామాను అల కొడితే ఊడకూడదు గానీ మనిషి ఒక్క చేత్తో లాగితే వచ్చేయాలి. స్టాండు డెక్‌ని వదలకూడదు, సామాను స్టాండుని ఇట్టే వదలాలి. చాలా బోట్లలో ఇది సరిగ్గా తలకిందులుగా ఉంటుంది. స్టాండేమో చేత్తో ఊపితే ఊగుతుంది, రింగునేమో బైండింగ్ వైరుతో మూడు చుట్లు చుట్టేసి ఉంటారు.

ఎక్కడ పెట్టాలి

డ్రిల్లు తీసే ముందు సుద్దముక్క పట్టుకుని డెక్ మీద ఒకసారి తిరగండి. మనుషులు ఎక్కడినుంచి పడతారో బోటు నడిపే మీ సరంగుకి తెలుసు, అడగండి. వల దించేటప్పుడు, లాగేటప్పుడు అమరం (బోటు వెనక భాగం) దగ్గర. రాత్రిపూట ఒంటేలుకి అంచు దాకా వెళ్లినప్పుడు. లైఫ్‌బాయ్‌లు అక్కడికి మూడు నాలుగు అడుగుల దూరంలో ఉండాలి. కేబిన్ పైకప్పు మీద ఉన్న రింగుని అందుకోవాలంటే ఒకడు పైకెక్కాలి. ఈలోపు పడ్డవాడు వెనకాల ఎక్కడో ఉంటాడు.

వల లాగే వించి వైరు ఎటు నడుస్తుందో, వల ఏ పక్కనుంచి జారుతుందో కూడా సుద్దతో గీయండి. ఆ దారిలో ఏదీ బిగించవద్దు. వల కన్ను బోల్టు తలకు తగులుకుందంటే వలైనా చిరుగుతుంది, స్టాండైనా ఊడుతుంది.

తర్వాత కిందికి దిగి, అదే చోటు అడుగునుంచి ఎలా ఉందో చూడండి. నట్టు తిప్పడానికి చెయ్యి దూరుతుందా? డీజిల్ ట్యాంకు గానీ వైరింగు గానీ ఉందా? ఐస్ గది మీద మాత్రం బెజ్జం వేయకండి. దాని చుట్టూ చల్లదనం ఆపే పఫ్ ఫోమ్‌లోకి ఒకసారి నీరు దిగితే మళ్లీ ఆరదు, ఐస్ నిలవదు. డెక్ కింద అడ్డదూలం ఉన్నచోటు దొరికితే అంతకంటే మంచి చోటు లేదు.

ఏ బోల్టు కొనాలి

కొట్లో ఎస్సెస్ అని అడిగితే ఎక్కువగా 304 రకం చేతిలో పెడతారు. అదీ మెరుస్తుంది. కానీ ఉప్పు గాలికి కొన్ని నెలల్లోనే టీ ఒలికినట్టు గోధుమరంగు చారలు దిగుతాయి. సముద్రానికి పనికొచ్చేది 316. బోల్టు తల మీద చూడండి: ఎ2 అని ఉంటే 304 జాతి, ఎ4 అని ఉంటే 316 జాతి. అయస్కాంతం పెట్టి తేల్చేస్తామనే వాళ్లుంటారు, రెండిటికీ తేడా దానితో తెలియదు. ధర ఎక్కువే. కానీ ఒక బోటుకి కావాల్సినవి ఎన్ని, ముప్పై నలభై బోల్టులు. డీజిల్ ఖర్చు ముందు అదో లెక్కా?

సిలిండర్‌కీ రింగుకీ 8 ఎం.ఎం. చాలు. లైఫ్ రాఫ్ట్ (ఆపదలో గ్యాస్‌తో ఉబ్బే తెప్ప) తొట్టికి 10 లేదా 12. అడుగు ప్లేటు 5, 6 ఎం.ఎం. మందం ఎస్సెస్ అయినా సరే, 12 ఎం.ఎం. మెరైన్ ప్లైవుడ్‌కి చుట్టూ రెసిన్ పూసినదైనా సరే. పైనున్న స్టాండు కంటే ప్రతి వైపూ అంగుళం పెద్దదిగా ఉండాలి, మూలలు గుండ్రంగా అరగదీయాలి. కోసుగా ఉన్న మూల ఫైబర్‌లోకి దిగి అక్కడినుంచే పగులు మొదలవుతుంది. ప్లేటుకి బదులు పెద్ద వాషర్లు వేస్తామంటారు కొందరు. చిన్న హుక్కుకైతే సరే, బరువుకి వద్దు.

స్టాండు అల్యూమినియందైతే దానికీ ఎస్సెస్ బోల్టుకీ మధ్య నైలాన్ వాషర్ వేయండి. రెండు లోహాలు ఉప్పునీటిలో తగులుకుంటే అల్యూమినియం తెల్లటి పొడిగా రాలిపోతుంది.

బెజ్జం వేయడం

అసలు పని ఇదే. ఇక్కడ తొందరపడితే మిగతాదంతా వృథా.

స్టాండు పెట్టి పెన్సిల్‌తో గుర్తులు వేసుకోండి. గుర్తుల మీద మాస్కింగ్ టేపు అంటించి, టేపు మీదే మళ్లీ గుర్తు పెట్టండి. పైన ఉండే నునుపు పూత, జెల్‌కోట్ అంటారు కదా, అది గాజులాంటిది. బిట్టు తగలగానే పెచ్చులుగా లేస్తుంది. అందుకని మొదట డ్రిల్లుని ఉల్టా తిప్పుతూ పూత అరిగేదాకా పోనిచ్చి, తర్వాత మామూలుగా తిప్పండి. ముందు 3 ఎం.ఎం. బిట్టుతో చిన్న బెజ్జం వేసి, బయటికొచ్చిన పొట్టు ఏ రంగులో ఉందో చూడండి. తెల్లగా, పొడిగా ఉంటే గట్టి ఫైబర్. గోధుమరంగు చెక్క పొట్టో పసుపు ఫోమో వస్తే లోపల వేరే పొర ఉన్నట్టు. నల్లగా, తడిగా వస్తే ఆ చెక్క అప్పటికే కుళ్లింది. అక్కడ పని ఆపి ఫైబర్ మేస్త్రీని పిలవండి.

గట్టి ఫైబరైతే 8 బోల్టుకి 8.5 బిట్టుతో నేరుగా వేసేయొచ్చు. లోపల చెక్కో ఫోమో ఉంటే అలా కుదరదు. నట్టు బిగించేకొద్దీ లోపలి పొర అణిగిపోయి డెక్ గుంట పడుతుంది. బోల్టు వెంట దిగిన నీరు ఆ పొర పొడవునా పాకుతుంది. దీనికి మందు ఇలా: 14 ఎం.ఎం. బిట్టుతో పై పొరనీ మధ్య పొరనీ తొలిచి, అడుగు పొర దగ్గర ఆపండి. వంచిన మేకు ఒకటి లోపల తిప్పి, వదులుగా ఉన్న పొట్టంతా లాగేయండి. ఎపాక్సీ రెసిన్, హార్డ్‌నర్ కలిపి, ఫిల్లర్ పొడి వేసి వెన్నలా చిక్కబరచండి. ఇంజెక్షన్ సిరంజితో అడుగునుంచి పైకి నింపుకుంటూ రండి. పైనుంచి పోస్తే లోపల గాలి బుడగ మిగులుతుంది. మర్నాటికి రాయిలా అవుతుంది. అప్పుడు దాని నడిమధ్యన 8.5 బెజ్జం వేయండి. ఇప్పుడు బోల్టు చుట్టూ ఉన్నదంతా రెసిన్ గొట్టమే. నట్టు ఎంత బిగించినా డెక్ అణగదు, నీరు దిగినా చెక్కకి తగలదు.

చెక్క మీద ఫైబర్ వేసిన పాత బోట్లకీ ఇదే పద్ధతి. ఆ బోట్లలో ఇంకా జాగ్రత్త కావాలి. ఫైబర్ కింద చెక్క కుళ్లుతున్నా పైకి రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది.

బెజ్జం పై అంచుని కౌంటర్ బిట్టుతో కాస్త ఏటవాలుగా తీయండి. ఆ చిన్న పల్లంలో సీలెంట్ ఉంగరంలా నిలుస్తుంది. అసిటోన్ గుడ్డతో తుడిచి, ఆరాక పీయూ (పాలీయురథేన్) సీలెంట్ పెట్టండి. సిలికాన్ వద్దు. చవకని తెచ్చి వాడితే రేపు అక్కడ రంగూ అంటదు, రెసినూ పట్టదు. బోల్టు తల కిందా స్టాండు అడుగునా ధారాళంగా పూసి, బోల్టు దించి, కింద నట్టుని చేత్తో తిప్పండి. చుట్టూతా సీలెంట్ సమానంగా బయటికి ఉబికేదాకా తిప్పి ఆపేయండి. అక్కడే పానా వేసి బిగిస్తే ఉన్న సీలెంటంతా బయటికి పోతుంది, లోపల ఏమీ మిగలదు. ఒకరోజు వదిలేయండి. మర్నాడు పైన ఒకరు బోల్టు తలని కదలకుండా పట్టుకోవాలి, కింద ఇంకొకరు నట్టు మాత్రమే తిప్పాలి. బోల్టు తిరిగిందా, నిన్న ఆరిన సీలెంట్ ఊడిపోయినట్టే.

ఎస్సెస్ నట్టు విషయంలో ఒకటి గుర్తుంచుకోండి. డ్రిల్లు మిషన్ పెట్టి గిర్రున తిప్పితే వేడెక్కి మధ్యలో పట్టేస్తుంది. ముందుకీ పోదు, వెనక్కీ రాదు, కోయడమే. మరలకి కాస్త గ్రీజు రాసి, చేతి పానాతో నెమ్మదిగా తిప్పండి. లోపల నైలాన్ ఉంగరం ఉండే ఎస్సెస్ నట్లు వాడితే అదురుకి వదులవవు. కిందికి పొడుచుకొచ్చిన బోల్టు కొనలకు టోపీ నట్లు వేయడమో, కోసేయడమో చేయండి. డెక్ కింద హోల్డులో వంగి నడిచేవాడి తల అక్కడే తగులుతుంది.

లైఫ్‌బాయ్ రింగు

సబ్బు పేరు కదా అని మా వాళ్లు నవ్వుతారు గానీ, మంచి రింగు 14.5 కిలోల ఇనుముని మంచినీళ్లలో 24 గంటలు తేల్చి ఉంచాలి. అంతర్జాతీయ నిబంధన అది. మనిషి నీళ్లలో కొద్ది కిలోలే తూగుతాడు కాబట్టి అది ఇద్దరికి కూడా ఆసరా. రింగు బరువు 2.5 కిలోలకి తగ్గకూడదు. మరీ తేలికైతే విసిరినప్పుడు గాలికి కొట్టుకుపోతుంది.

దీని స్టాండు ఎంత సాదాగా ఉంటే అంత మంచిది. కింద రెండు కొక్కేలు, పైన ఒక రబ్బరు పట్టీ. రింగుని పైకెత్తి లాగితే వచ్చేయాలి. ముడి వేయొద్దు, తాళం వేయొద్దు, వైరు కట్టొద్దు. కొత్తగా ఉండాలని ప్లాస్టిక్ కవరు తీయకుండా ఉంచడం కూడా మానండి, తడిచేతికి ఆ కవరు జారుతుంది. దొంగల భయముంటే జెట్టీలో ఉన్నన్నాళ్లూ కేబిన్లో పెట్టుకోండి, వేటకి బయల్దేరే ముందు తెచ్చి తగిలించండి.

రింగుకి కట్టే తాడు కనీసం 30 మీటర్లు, నీటిమీద తేలే రకం. నైలాన్ మోకు మునుగుతుంది, మునిగి బోటు ఫ్యానుకి (ప్రొపెల్లర్) చుట్టుకుంటుంది. పాలీప్రొపిలీన్ తాడు తేలుతుంది, అయితే ఎండకి పెళుసుబారుతుంది. వేళ్లమధ్య నలిపితే పొడి రాలుతోందంటే మార్చేయాలి. తాడుని చుట్టలు చుట్టడం కంటే ఒక గుడ్డసంచిలోకి కూరుకుంటూ పోవడం మేలు. విసిరినప్పుడు చిక్కు పడకుండా జారుతుంది. సంచిని రింగు పక్కనే బిగించండి.

ఫైర్ సిలిండర్

2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో నిప్పంటుకుని పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయాయి. పక్కపక్కనే కట్టేసిన బోట్లు, వాటిలో డీజిల్, వంట గ్యాస్ సిలిండర్లు. ఆ మంటని ఒక ఆరు కిలోల పౌడర్ ఆపేదని నేననను. కానీ జెట్టీలో ఉన్న బోటుకి నిప్పంటుకుంటే కేబిన్ తాళం వేసి ఉంటుంది, సిలిండర్ లోపల ఉంటుంది. అందుకే ఒకటైనా బయట, కేబిన్ తలుపు పక్కన ఉండాలంటాను. ఇంజన్ గది కోసం పెట్టేది ఇంజన్ గదిలో పెట్టకూడదు, పైన మూత పక్కనే డెక్ మీద పెట్టాలి. మంట ఉన్నచోటికి దిగి సిలిండర్ తెచ్చుకోలేం కదా. పొయ్యి దగ్గరిదీ అంతే, పొయ్యి దాటి చెయ్యి చాపాల్సిన చోట ఉండకూడదు.

గోడకి కొట్టే మామూలు కొక్కెం బోటుకి పనికిరాదు. బోటు ఒరిగినప్పుడు డబ్బా దానంతటదే పైకి లేచి ఊడుతుంది. అడుగున గిన్నెలా ఉండి, నడుముకి క్లిప్పు పట్టీ ఉండే లారీ రకం స్టాండు తీసుకోండి. క్లిప్పు ఎడమచేతి బొటనవేలితో తెరుచుకోవాలి. గిన్నె అడుగున నీరు పోయే బెజ్జం లేకపోతే వేయండి, లేదంటే డబ్బా అడుగు తుప్పు పడుతుంది, అది పైనుంచి కనబడదు. ఇంజన్ అదురుకి లోపల పౌడర్ అడుగున గడ్డకడుతుంది కాబట్టి నెలకోసారి తీసి తలకిందులు చేసి కదపండి. ప్రెషర్ మీటరు ముల్లు పచ్చ గీతలో ఉందో లేదో అప్పుడే చూసినట్టవుతుంది.

లైఫ్ రాఫ్ట్ ఉన్న బోట్లకి

దూరం వెళ్లే పెద్ద బోట్లలోనే ఇది ఉంటుంది. మిగతావాళ్లు ఈ భాగం వదిలేయొచ్చు. ఉన్నవాళ్లు మాత్రం రెండుసార్లు చదవండి, ఎందుకంటే ఇక్కడ గట్టిగా కట్టడమే ప్రమాదం.

రాఫ్ట్ డబ్బా తొట్టిలో కూర్చుంటుంది. తొట్టిని డెక్‌కి పైన చెప్పినట్టు బోల్టులతో బిగించాలి. డబ్బాని తొట్టిలో పట్టి ఉంచే పట్టీ మాత్రం హైడ్రోస్టాటిక్ రిలీజ్ అనే చిన్న పరికరం గుండా పోవాలి. బోటు మునిగి ఒకటిన్నర నుంచి నాలుగు మీటర్ల లోతుకి వెళ్లేసరికి నీటి ఒత్తిడికి అది తాడుని కోసేస్తుంది. డబ్బా పైకి తేలుతుంది. రాఫ్ట్‌లోంచి వచ్చే తాడు సాగి, గ్యాస్ తెరుచుకుని రాఫ్ట్ ఉబ్బుతుంది. ఆ తాడు కొన ఎర్రటి బలహీనపు లంకెకి కట్టి ఉండాలి. ఉబ్బిన రాఫ్ట్ పైకి లాగితే ఆ లంకె తెగి, మునుగుతున్న బోటునుంచి రాఫ్ట్ విడిపోతుంది.

అలలకి డబ్బా కదులుతోందని ఎవరో ఒకరు దాని మీదుగా ఇంకో మోకు వేసి కట్టేస్తారు. ఇక ఆ పరికరం కోసినా డబ్బా బోటుతోపాటే కిందికి పోతుంది. ఇంకొందరు రాఫ్ట్ తాడుని నేరుగా డెక్ రింగుకి కట్టేస్తారు. రాఫ్ట్ ఉబ్బుతుంది, తాడు తెగదు, బోటు దాన్ని లోపలికి లాక్కుపోతుంది. తొట్టి పైన కేబిన్ చూరు గానీ, వల ఆరేసే కడ్డీ గానీ అడ్డం రాకూడదు. ఆ పరికరానికి ఆయువు రెండేళ్లు. బిగించిన నెల, సంవత్సరం దాని మీదే గీసి పెట్టే చోటు ఉంటుంది, గీయండి.

లైఫ్ జాకెట్ల పెట్టె, యాంటెన్నాలు

జాకెట్ల పెట్టె ఎండ పడని చోట, డెక్ నుంచి అంగుళం ఎత్తున రెండు పట్టీల మీద బిగిస్తే అడుగునుంచి నీరు పోతుంది. మూతకి టాగిల్ క్లిప్పు చాలు. ఆ పెట్టె మీద ఉల్లిపాయల బస్తా పెట్టనివ్వకండి.

సముద్రంలోంచి ఆపద సందేశం పంపే డాట్ పరికరం ఇస్రో తయారు చేసింది, 2010 నుంచి వాడకంలో ఉంది. కొత్త రకంలో, పంపిన ఆపద సందేశం అందిందని తిరిగి జవాబు కూడా వస్తుంది. మత్స్య సంపద యోజన కింద ఉచితంగా బిగించిన, బోటు ఎక్కడుందో తెలిపే ట్రాన్స్‌పాండర్ గానీ ఇది గానీ ఉపగ్రహంతో మాట్లాడేవే కాబట్టి ఆకాశం కనబడాలి. రేకు కింద, స్తంభం చాటున పెడితే పనిచేయవు. వీహెచ్‌ఎఫ్ రేడియో యాంటెన్నాకి ఒక మీటరైనా ఎడంగా పెట్టండి. వైరు కేబిన్‌లోకి వెళ్లే ముందు కిందికి ఒక వంపు ఇచ్చి పైకి తిప్పండి, నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. చుక్కాని దగ్గర ఒక ప్లేటు మీద పెద్ద అంకెల్లో రాసి బిగించండి: కోస్ట్‌గార్డ్ 1554, మెరైన్ పోలీస్ 1093, వీహెచ్‌ఎఫ్ ఛానల్ 16. టెన్షన్‌లో నంబర్లు గుర్తురావు.

అణియం (బోటు ముందు భాగం) నుంచి అమరం దాకా, మనిషి నీళ్లలో పడకుండా నడుం తాడు కట్టుకునే పట్టీ వేయాలనుకుంటే, దాని రెండు కొనల రింగులూ మనిషి బరువుకి కాదు, పడ్డప్పటి జర్కుకి నిలవాలి. పట్టీకి రెండు టన్నుల తెగే బలం ఉండాలన్నది తెరచాప పందెం పడవల వాళ్ల లెక్క. మన బోట్లలో ఇంకా ఎక్కువమంది వాడరు, వల పనికి అడ్డమంటారు. వల లేని వేళ, రాత్రి కాపలా ఉండేవాడికైనా పెట్టండి.

బిగించాక

ప్రతి స్టాండునీ రెండు చేతులా పట్టుకుని మీ బరువంతా వేసి ఊపండి. కిందనుంచి ఒకరు ప్లేటు దగ్గర చెవి పెట్టి వినాలి. కిర్రుమన్నా, టిక్కుమన్నా మళ్లీ విప్పాల్సిందే. తర్వాత బకెట్టుతో నీళ్లు కొట్టి, పావుగంట ఆగి, కింద బోల్టు కొనలకి టిష్యూ కాగితం అద్ది చూడండి. ఇక రాత్రి లైట్లార్పి, కళాసీల్లో కొత్తవాడిని పిలిచి రింగు తెమ్మనండి, సిలిండర్ తెమ్మనండి. వాడు ఎక్కడ తడుముకున్నాడో అక్కడ మీ పని మిగిలి ఉంది.

చివరగా ప్రతి నట్టు మీదనుంచి ప్లేటు మీదికి పెయింటుతో ఒకే అడ్డగీత గీయండి, సన్నటి బ్రష్షుతో. మొదటి ట్రిప్పు నుంచి రాగానే టార్చి పట్టుకుని కిందికి దిగండి. గీత తిన్నగా ఉంటే పానా తీయక్కర్లేదు. ఎక్కడైనా గీత రెండు ముక్కలై పక్కకి జరిగి కనిపిస్తే ఆ నట్టు తిరిగిందన్నమాట.